పురుగుకి మన చేను దారి ఎవరు చెప్పారు? వాసన, రుచి మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మా పెరట్లో ఒక మూల నిమ్మ చెట్టు, ఇంకో మూల కరివేపాకు చెట్టు ఉన్నాయి. మధ్యలో మందారం, జామ, గోరింట. వానలు పడగానే పక్షి రెట్టలా కనిపించే గొంగళి పురుగులు నిమ్మ మీదా, కరివేపాకు మీదా ప్రత్యక్షమవుతాయి. మందారం జోలికి ఒక్కటీ పోదు. నిమ్మ, కరివేపాకు, మారేడు ఒకే కుటుంబానికి చెందిన మొక్కలని నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్నాను. ఆ గుడ్లు పెట్టిన సీతాకోకచిలుక ఏ పుస్తకం చదివింది? రైతులు, మిద్దెతోటల వాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో చాలా వాటి మూలం ఇక్కడే ఉంది. అందుకే అన్నిటినీ ఒక చోట రాస్తున్నాను.

పురుగుకి ముక్కు ఎక్కడుంటుంది? నాలుక ఎక్కడుంటుంది?

మీసాలే దాని ముక్కు. పుస్తకాల్లో స్పర్శశృంగాలని రాస్తారు కానీ ఊళ్లో అందరూ మీసాలనే అంటారు. వాటి మీద కంటికి ఆనని సన్నటి వెంట్రుకలు వందలు, వేలు ఉంటాయి. ఒక్కో వెంట్రుక ఒంటినిండా సూక్ష్మమైన రంధ్రాలు. గాల్లో తేలే వాసన అణువులు ఆ రంధ్రాల్లోంచి దూరి లోపలి నరాల కణాలను తాకుతాయి. 1957లో జర్మనీ శాస్త్రవేత్త డీట్రిక్ ష్నైడర్ పట్టుపురుగు చిమ్మట మీసానికి రెండు కొసలా ఎలక్ట్రోడ్లు తగిలించి, వాసన సోకగానే పుట్టే విద్యుత్తును కొలిచి చూపించాడు. ఏ వాసన ఏ పురుగుకి తెలుస్తుందో కనుక్కోవాలంటే ఇప్పటికీ ల్యాబుల్లో ఈ పద్ధతే వాడతారు.

నాలుక మాత్రం ఒక చోట ఉండదు. మూతి దగ్గర, కాళ్ల కొసల్లో, మీసాల మీద, కొన్ని పురుగులకైతే గుడ్లు పెట్టే గొట్టం చివర కూడా రుచి తెలిసే వెంట్రుకలుంటాయి. వీటికి కొసన ఒకే రంధ్రం ఉంటుంది, అది వస్తువుకు తగిలితేనే పని చేస్తుంది. ఈగ మీ కంచం అంచు మీద నడుస్తోందంటే భోజనం రుచి చూస్తోందనే అర్థం.

ఎంత దూరం నుంచి పసిగడుతుంది?

కిలోమీటర్లలో జవాబు ఆశించేవాళ్లకు నేను చెప్పేది కాస్త నిరాశగానే ఉంటుంది. దూరం గాలి మీద ఆధారపడి ఉంటుంది. వాసన సాంబ్రాణి పొగలాంటిది. గదంతా సమంగా పరుచుకోదు, పోగులు పోగులుగా, తెగుతూ కలుస్తూ గాలివాటున పోతుంది. పురుగు ఆ పోగుల్లో ఒకదానికి తగిలిందనుకోండి, వెంటనే గాలికి ఎదురు తిరుగుతుంది. పోగు తెగిపోతే ముందుకు పోవడం ఆపి అటూ ఇటూ ఊగులాడుతూ వెతుకుతుంది. మళ్లీ దొరికితే మళ్లీ ఎదురుగాలికి ప్రయాణం. కిందనున్న నేల ఎటు జరుగుతోందో కళ్లతో చూసుకుంటూ గాలి దిక్కు తెలుసుకుంటుందని 1974లో ఇంగ్లండ్‌లో కెనెడీ, మార్ష్ అనే ఇద్దరు గాలి సొరంగంలో చిమ్మటలను ఎగరనిచ్చి తేల్చారు. అంటే వాసన "ఉందా, లేదా" అని మాత్రమే చెబుతుంది. దారి చూపించేది గాలి.

కాబట్టి పక్క ఊరి చేనుకన్నా, మీ చేను వాసనను గాలి మోసుకుపోయే దిక్కున ఉన్న పక్క కమతమే ముఖ్యం.

ప్రతి మొక్కకీ ఒక ప్రత్యేక వాసన ఉంటుందా?

కొన్నిటికే ఉంటుంది. గడ్డి కోసినప్పుడు వచ్చే పచ్చి వాసన దాదాపు ప్రతి ఆకులోనూ ఉంటుంది. వరి, పత్తి, మిరప అన్నిటి నుంచీ ఇలాంటి మామూలు వాసనలే ఎక్కువగా వస్తాయి. మరి పురుగు తేడా ఎలా పడుతుంది? పాళ్లను బట్టి. పోపు సంగతి చూడండి. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు ప్రతి ఇంట్లో అవే. అయినా వాసన బట్టి పక్కింట్లో పప్పు పోపు పెట్టారో, పులిహోర కలుపుతున్నారో చెప్పేస్తాం. మొక్క విడిచే పది పదిహేను వాసనల్లో ఏది ఎంత పాలు ఉందన్నదే చాలా పురుగులకు చిరునామా. ఒక్కో వాసన విడిగా పెడితే పట్టించుకోని పురుగు, అదే పాళ్లలో కలిపి పెడితే వచ్చి వాలుతుంది. పాళ్లు మారిస్తే మళ్లీ పట్టించుకోదు.

ఇలా కాకుండా, ఒకే కుటుంబం మొక్కల్లో ఉండే ఘాటైన గుర్తును పట్టుకుని బతికే పురుగులూ ఉన్నాయి. క్యాబేజీని తినే డైమండ్ బ్యాక్ మాత్ అనే చిన్న చిమ్మట దానికి అసలైన ఉదాహరణ.

ఆవ ఘాటు మొక్కకు రక్షణ అంటారు కదా, మరి క్యాబేజీకి పురుగెందుకు పడుతుంది?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న ఇది. ఆవ, క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి అన్నీ ఒక కుటుంబం. వీటి ఆకుల్లో గ్లూకోసినోలేట్లనే పదార్థాలు ఒక అరలో, వాటిని విడగొట్టే ఎంజైము ఇంకో అరలో ఉంటాయి. కొరకగానే రెండూ కలిసి ఆవ ఘాటు పుడుతుంది. ఆవపిండి నూరినప్పుడు కళ్లలో నీళ్లు తెప్పించేది ఇదే. చాలా పురుగులకు అది విషం.

డైమండ్ బ్యాక్ మాత్ పిల్ల దగ్గర దీనికి విరుగుడు ఉంది. దాని కడుపులోని ఒక ఎంజైము గ్లూకోసినోలేట్ అణువు నుంచి సల్ఫేట్ ముక్కను ముందే తీసేస్తుంది. ఇక మొక్క ఎంజైముకు పని దొరకదు, ఘాటు పుట్టదు. శాస్త్రవేత్తలు ఈ సంగతి 2002లో బయటపెట్టారు. మిగతా పురుగులకు చావు ఉన్న చోట తన పిల్లలకు పోటీ లేని భోజనం ఉంటుంది. అందుకని తల్లి పురుగు ఆ ఘాటు వాసన పట్టుకునే వస్తుంది. ఆకు మీద వాలాక గ్లూకోసినోలేట్ రుచి తగిలితే గుడ్లు పెడుతుంది. తాళం వేసుకున్న మొక్క ఆ తాళం మీదే తన ఊరు, పేరు రాసి పెట్టినట్టయింది.

మొదట ఈ లింకు పట్టుకున్నది ఆమ్‌స్టర్‌డామ్‌లో వెర్షాఫెల్ట్ అనే వృక్షశాస్త్రవేత్త, 1910లో. క్యాబేజీ సీతాకోకచిలుక గొంగళ్లు మామూలుగా ముట్టని ఆకులకు ఆవలో ఉండే సినిగ్రిన్ పూసి పెడితే తినడం మొదలుపెట్టాయి. నూరేళ్లు దాటినా చదివితే ఆశ్చర్యంగానే ఉంటుంది.

మన దగ్గర దీన్నే తిప్పి వాడుకున్నారు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ సిఫారసు ప్రకారం ప్రతి 25 వరుసల క్యాబేజీకి ఆవ వరుసలు వేస్తారు. ఒక వరుస క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, ఇంకొకటి నాటిన 25 రోజులకు. ఇలా వేస్తే పంట కాలమంతా లేత ఆవ దొరుకుతుంది. క్యాబేజీ కన్నా ఆవ మీద తల్లి పురుగుకి మోజెక్కువ. మందు అవసరమైతే ఆ ఆవ మీదే కొట్టుకోవచ్చు. రెండో వరుస వేయడం మరిచిపోయి "ఎర పంట పని చేయలేదు" అనేవాళ్లను చాలామందిని చూశాను.

వాసన చూసి వచ్చిన పురుగు వెంటనే గుడ్లు పెట్టేస్తుందా?

పెట్టదు. వాసన చేను దాకా తీసుకొస్తుంది, ఉండాలా పోవాలా అన్నది రుచి తేలుస్తుంది. ఈ ఒక్క తేడా తెలిస్తే మనం చేసే చాలా పనుల్లో ఏది ఎందుకు పని చేస్తుందో, ఏది ఎందుకు చెయ్యదో అర్థమవుతుంది.

మా కరివేపాకు సీతాకోకచిలుక ఆకు మీద వాలగానే ముందు కాళ్లతో గబగబా తబలా వాయించినట్టు కొడుతుంది. కాళ్ల కొసల్లోని రుచి వెంట్రుకలకు ఆకు రసం తగలడానికే ఆ వాయింపు. జపాన్‌లో దీనికి దగ్గరి చుట్టమైన ఒక నిమ్మ సీతాకోకచిలుక మీద పరిశోధనలు చేశారు. నిమ్మజాతి ఆకుల్లోని సైనెఫ్రిన్ అనే పదార్థాన్ని కాళ్లతో గుర్తుపట్టే రుచి గ్రాహకాన్ని, అంటే ఆ రుచిని పట్టే ప్రోటీనును, 2011లో కనుక్కున్నారు. ఆ గ్రాహకం పని చేయకుండా చేస్తే, సైనెఫ్రిన్‌కు ఆడపురుగు స్పందన తగ్గిపోయింది. ఒక్క సైనెఫ్రిన్ చాలదు, దాంతోపాటు ఇంకొన్ని పదార్థాలు కలిసి తగలాలి. ఇక్కడా పాళ్ల లెక్కే.

తల్లి ఎంచిన మొక్క పిల్లకూ నచ్చుతుందా?

చాలావరకు నచ్చుతుంది, ఎందుకంటే గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎక్కువ దూరం నడవలేదు. అయినా అది తన రుచి తాను చూసుకుంటుంది. గొంగళి మూతికి రెండు వైపులా రెండేసి చిన్న మొలకలుంటాయి. ఒక్కో మొలకలో నాలుగే నాలుగు రుచి నరాలు. ఒకటి తీపికి, ఒకటి చేదుకు, ఇలా పంచుకుంటాయి. ఇంత చిన్న సరంజామాతో అది ప్రపంచంలోని ఆకులన్నిటినీ "తిండి", "తిండి కాదు" అని విడదీస్తుంది.

ఇది చీడపురుగు సంగతి కాకపోయినా హిందూపురం, పలమనేరు వైపు పట్టు రైతులకు తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. పట్టుపురుగు మల్బరీ తప్ప ముట్టదు. 2019లో చైనా శాస్త్రవేత్తలు జీఆర్66 అనే ఒక్క చేదు గ్రాహకం జన్యువును తీసేస్తే ఆ పురుగులు ఆపిల్, బేరి పండ్లు, సోయా, మొక్కజొన్న కూడా తినడం మొదలుపెట్టాయి. మల్బరీ అంటే ఇష్టం కన్నా, మిగతావన్నీ చేదుగా తోచడమే వాటిని మల్బరీకి కట్టిపడేసింది.

వరిలో సుడిదోమ సంగతేంటి? అది ఆకు తినదు కదా?

అది రసం తాగుతుంది, కాబట్టి దాని రుచి పరీక్ష మొక్క లోపల జరుగుతుంది. దుబ్బు మొదట్లో వాలి, మూతి కొసతో పైన ఉండే మైనపు పొరను తడుముతుంది. తర్వాత సూదిలాంటి మూతిని కాండంలోకి దించి, రసనాళం దొరికేదాకా కొంచెం కొంచెం చప్పరిస్తూ పోతుంది. నచ్చకపోతే సూది లాక్కుని పక్క పిలకకు మారుతుంది.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో 1970లో సొగావా, పాఠక్ అనే ఇద్దరు ముడ్గో అనే వరి రకం మీద దోమ ఎందుకు నిలవదని వెతికారు. ముడ్గో మీద కూడా దోమ సూది దించుతోంది, కానీ తాగేది తక్కువ. రసంలో ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం తక్కువగా ఉండటం ఒక కారణంగా తేలింది. దోమకు అది నోరూరించే రుచి. అది లేని రసం ఉప్పు వేయని కూర లాంటిదన్నమాట. ఎంత తాగిందో ఎలా తెలిసిందంటారా? దోమ తాగినకొద్దీ వెనక నుంచి తేనెబంక వదులుతుంది. కింద కాగితం పరిచి ఆ మరకలను కొలుస్తారు.

ఇక్కడే యూరియా సంగతి కూడా చెప్పాలి. నత్రజని మోతాదు మించితే వరి రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి. చేను నల్లగా నిగనిగలాడుతోందని మనం మురిసిపోతాం, కింద దుబ్బు మొదట్లో దోమలు కూడా మురిసిపోతుంటాయి. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన చైతన్య, కృష్ణవేణి, వజ్రం లాంటి దోమను తట్టుకునే రకాల్ని వేసినా, యూరియా బస్తాలు గుమ్మరిస్తే ఆ తట్టుకునే శక్తికి పరీక్ష పెట్టినట్టే.

శనగపచ్చ పురుగు దొరికినదల్లా తింటుంది. దానికి రుచీ పచీ లేదా?

ఉంది. మన దేశంలో 180కి పైగా మొక్కల మీద దాన్ని చూసినట్టు లెక్కలున్నాయి. కంది, శనగ, పత్తి, టమాటా, మిరప, పొద్దుతిరుగుడు దేన్నీ వదలదు. కానీ తల్లి పురుగు ఎక్కడ పడితే అక్కడ గుడ్లు పెట్టదు. పూత మీదున్న మొక్కంటే దానికి ఎక్కువ ఇష్టం. మొక్కజాతి కన్నా మొక్క వయసుకు ఎక్కువ విలువిస్తుందని చెప్పొచ్చు. టమాటాలో బంతి వేయమనేది దీన్ని బట్టే. పదహారు వరుసల టమాటాకు ఒక వరుస బంతి. 25 రోజుల టమాటా నారుతో పాటు 45 రోజుల బంతి నారు నాటితే రెండూ ఒకేసారి పూతకొస్తాయి. లేత బంతి నారు నాటితే టమాటా పూసేనాటికి బంతి ఇంకా మొగ్గ కూడా వేయదు, ఎర లేని గాలం అవుతుంది.

శనగలో ఇంకో విచిత్రం. తెల్లవారుజామున శనగ చేలో నడిస్తే కాళ్లు చురచురమంటాయి. ఆకు నూగులోంచి మాలిక్, ఆగ్జాలిక్ ఆమ్లాలు చెమటలా బయటికొస్తాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో చేసిన పనిలో ఆగ్జాలిక్ ఆమ్లం ఎక్కువున్న రకాల మీద పురుగు పిల్ల ఎదుగుదల తగ్గిందని తేలింది. పురుగు పేరులోనే శనగ ఉందని, శనగ దానికి సుఖంగా ఒంటపడుతుందని అనుకోకండి.

చేను చుట్టూ ఆముదం ఎందుకు వేయమంటారు?

పొగాకు లద్దె పురుగు కోసం. తల్లికి ఆముదం ఆకు అంటే మహా ఇష్టం, గుంపుగా గుడ్లు అక్కడ పెడుతుంది. పిల్లలు పచ్చదనం గీకేసి ఆకును జల్లెడలా చేస్తాయి. ఆ జల్లెడాకులు పెద్దగా, దూరానికే కనిపిస్తాయి కాబట్టి ఏరి నాశనం చేయడం తేలిక. రాజమండ్రిలోని పొగాకు పరిశోధన సంస్థ నారుమళ్ల చుట్టూ ఆముదం వేయించింది ఇందుకే. ఒక్క హెచ్చరిక. ఆముదం వేసి ఏరడం మానేస్తే, మీ డబ్బుతో మీరే పురుగుల నర్సరీ పెట్టుకున్నట్టు.

లింగాకర్షక బుట్టలో ఉండేది మొక్క వాసనా?

కాదు, ఆడపురుగు వాసన. మగవి వస్తాయి, గుడ్లు పెట్టేవి రావు. ఒక పురుగు ఎర ఇంకో పురుగుకి పనికిరాదు. వరి కాండం తొలిచే పురుగు ఎరలో రెండు రసాయనాలు 3:1 పాళ్లలో ఉంటాయి.

మరి మామిడి తోటలో పండు ఈగ కోసం పెట్టే మిథైల్ యూజినాల్ సీసా?

అది మొక్క వాసనే! ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. 1910ల మొదట్లో బీహార్‌లోని పూసాలో హౌలెట్ అనే ఆంగ్లేయ కీటక శాస్త్రవేత్త పని చేసేవాడు. దోమలు రాకుండా వాడే సిట్రోనెల్లా నూనెకు పండు ఈగలు గుంపులుగా వచ్చి మూగుతుండటం ఆయన దృష్టికి వచ్చింది. ఒక పురుగును తరిమే వాసన ఇంకో పురుగును పిలుస్తోంది. పైగా వచ్చినవన్నీ మగ ఈగలే. 1912లో ఆ సంగతి ప్రచురించాడు, 1915 నాటికి అందులో అసలు పిలిచేది మిథైల్ యూజినాల్ అని తేల్చాడు. ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న ఎర మన దేశంలో పుట్టిందంటే చాలామంది నమ్మరు.

మగ ఈగ ఆ పదార్థం కోసం పూల మీద, తులసి మీద కూడా వాలుతుంది. దాన్ని నాకి, ఒంట్లో మార్చుకుని, ఆడ ఈగను ఆకట్టుకునే అత్తరుగా వాడుకుంటుంది. అత్తరు పూసుకున్న మగవాటికి జోడీ తేలిగ్గా దొరుకుతుంది. అందుకే ఆ పిచ్చి. 1960లలో పసిఫిక్‌లోని రోటా దీవిలో ఈ ఎరకు పురుగుమందు కలిపిన అట్టముక్కలు విమానాల్లోంచి చల్లి, మగవాటిని దాదాపు లేకుండా చేసి, ఆ ఈగ జాతినే దీవి నుంచి తుడిచిపెట్టారు. మామిడి తోటలో మీరు పెట్టే సీసా పని చేసేది ఈ లెక్క మీదే. ఒక్క తోటలో పెట్టి పక్క తోటలు వదిలేస్తే, బయటి నుంచి మగవి వస్తూనే ఉంటాయి. ఊరంతా కలిసి పెట్టడంలోనే ఫలితం ఉంది.

కాకర, దోస, సొరలకు వచ్చే ఈగ వేరు. దానికి క్యూల్యూర్ అనే వేరే ఎర కావాలి. ఒకదాని సీసా ఇంకోదానికి పెట్టి షాపువాడిని తిట్టుకోకండి.

బీటీ పత్తిని పురుగు వాసనతో గుర్తుపడుతుందా?

గుర్తుపట్టదు. బీటీ పత్తి అంటే పురుగును చంపే ప్రోటీనును తనలోనే తయారు చేసుకునేలా జన్యువు మార్చిన పత్తి. ఆ ప్రోటీను ఆకు కణాల లోపల ఉంటుంది, గాల్లో తేలదు. తల్లికి అది మామూలు పత్తే, గుడ్లు పెట్టేస్తుంది. చచ్చేది తిన్న పిల్ల. రెండు బీటీ జన్యువులున్న బీజీ-2 పత్తికి గులాబీ రంగు పురుగు అలవాటుపడిపోయాక, ఆ చావు కూడా నమ్మకంగా లేదు.

రంగు అట్టలకు పురుగులు వస్తున్నాయి కదా, వాసన అంత ముఖ్యమా?

పురుగును బట్టి మారుతుంది. తెల్లదోమ, పేనుబంక లాంటి చిన్న పురుగులు గాలితో కొట్టుకొస్తూ కింద పసుపుపచ్చగా ఏది కనిపిస్తే అక్కడ దిగుతాయి. పసుపు అట్టలు పని చేసేది అందుకే. తామర పురుగులకు నీలం అట్టలు. 2021 చివర్లో మిరప చేలను ముంచేసిన నల్ల తామర పురుగు పూలలోనే గుంపులు గుంపులుగా చేరడం మనందరం చూశాం. దిగాక మాత్రం వీటికీ రుచే న్యాయమూర్తి. సూది దించి చూసి, నచ్చకపోతే లేచిపోతాయి. ఆ కాసేపట్లోనే కొన్ని వైరస్‌లను అంటించి పోవడం మన ఖర్మ.

చేలో ఉల్లి, వెల్లుల్లి, తులసి వేస్తే వాసనకు పురుగులు రావంటారు. నిజమా?

ఫలితం ఉండొచ్చు, కానీ కారణం అందరూ చెప్పేది కాకపోవచ్చు. ఇంగ్లండ్‌లో ఫించ్, కాలియర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు క్యాబేజీ వేరు ఈగ మీద ఏళ్ల తరబడి పని చేశారు. చుట్టూ ఘాటైన మొక్కలున్నా, వాసన లేని మొక్కలున్నా ఈగ గుడ్లు తగ్గాయి. చివరికి ఆకుపచ్చ అట్టముక్కలు పాతినా తగ్గాయి! వాళ్ల వివరణ ఇది. వాసన తగిలిన ఈగ కిందకు దిగి, పచ్చగా కనిపించిన దాని మీద వాలుతుంది. అది క్యాబేజీ అయితే కాళ్లకు రుచి తెలిసి, ఇంకో ఆకు మీదకు ఎగిరి మళ్లీ సరిచూసుకుంటుంది. ఇలా కొన్నిసార్లు వరసగా సరైన రుచి తగిలితేనే గుడ్డు పెడుతుంది. మధ్యలో వేరే ఆకు తగిలితే లెక్క మొదటికొస్తుంది. రెండు మూడుసార్లు ఇలా అయితే విసిగి వెళ్లిపోతుంది.

అందుకని నా సలహా, వాసన కోసమే వెతక్కండి. మీకు అమ్ముడుపోయే, అక్కరకొచ్చే అంతర పంట ఏదైనా పచ్చగా నేలను కప్పితే చాలు. కుండీల్లో ఒక మూల తులసి పెట్టి మిద్దె మీది వంకాయలన్నీ బాగుండాలనుకుంటే మాత్రం కష్టం.

వేప కషాయం వాసనకు పురుగు పారిపోతుందా?

వేప ముఖ్యంగా రుచి మీద పని చేస్తుంది. 1962 ప్రాంతంలో ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో (దాన్నీ పూసా అనే పిలుస్తారు) ప్రధాన్, ఆయన తోటివాళ్లు మిడతల దండు వచ్చినప్పుడు వేప గింజల పొడి కలిపిన నీళ్లు పంటల మీద కొట్టారు. మిడతలు వచ్చాయి, వాలాయి, కానీ తినలేదు. అంతకు మూడేళ్ల ముందు సూడాన్‌లో ష్ముటరర్ అనే జర్మన్ శాస్త్రవేత్త మిడతలు ఊరంతా తినేసి వేప చెట్లను మాత్రం వదిలేయడం చూశాడు. వాలడం ఆగలేదు, కొరకడం ఆగింది. వేపలోని అజాడిరాక్టిన్ పురుగు మూతి దగ్గరి చేదు నరాన్ని రేపుతుంది. కొద్దిగా తిన్నదాన్ని కూడా వదలదు, కుబుసం విడిచే హార్మోన్లను గందరగోళం చేస్తుంది.

రుచి మీద పని చేసే మందు కాబట్టి ఆకు రెండు పక్కలా తడవాలి. తడవని చోట పురుగు హాయిగా తింటుంది. ఎండకు అజాడిరాక్టిన్ విరిగిపోతుంది కాబట్టి సాయంత్రం కొట్టాలి. నేను మొదటిసారి మిట్టమధ్యాహ్నం, అదీ పై ఆకుల మీదే కొట్టి, మూడో రోజు వేపను తిట్టుకున్నాను. అయిదు శాతం కషాయం అంటే వంద లీటర్ల నీటికి అయిదు కిలోల గింజల పొడి, రాత్రంతా నానబెట్టి వడగట్టాలి. కొన్ని పురుగులకు వేప చేదు పెద్దగా పట్టదు, కాబట్టి సర్వరోగ నివారిణి అనుకోవద్దు.

పురుగు తింటుంటే మొక్క ఊరికే ఉంటుందా?

ఉండదు, కేకేస్తుంది. ఆ కేక కూడా వాసనే. 1990లో అమెరికాలో టర్లింగ్స్, టమ్లిన్సన్, లూయిస్ మొక్కజొన్న మొలకల మీద చూపించారు. ఆకును ఊరికే గీరితే పెద్దగా ఏమీ లేదు. గీరిన చోట గొంగళి ఉమ్మి రాస్తే, కొన్ని గంటల్లో మొక్క కొత్త వాసనలు వదిలింది. వాటిని పట్టుకుని గొంగళిలో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలు వచ్చాయి. మనం అవసరం లేకున్నా మందు కొడితే ముందు చచ్చేది ఈ పిలుపు విని వచ్చిన మిత్రపురుగులే.

ఈ వాసనలన్నిటినీ ఒక చేలో కలిపి వాడిన చోటు కెన్యా. విక్టోరియా సరస్సు ఒడ్డున మ్బిటాలో ఇసిపె అనే కీటక పరిశోధన సంస్థకు చెందిన జియావుర్ ఖాన్, ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రం వాళ్లతో కలిసి మొక్కజొన్న వరుసల మధ్య డెస్మోడియం అనే పప్పుజాతి మొక్క, చేను చుట్టూ నేపియర్ గడ్డి వేయించాడు. డెస్మోడియం వదిలే వాసన పురుగు తిన్న మొక్క వాసనలా ఉంటుంది, తల్లి పురుగు వెనక్కి తగ్గుతుంది. నేపియర్ చీకటిపడిన తొలి గంటలో పచ్చి వాసనను ఒక్కసారిగా గుప్పుమనిపిస్తుంది, సరిగ్గా కాండం తొలిచే పురుగు తల్లి గుడ్లకు చోటు వెతికే వేళకు. అక్కడ పుట్టిన పిల్లలు చాలావరకు ఆ గడ్డి జిగురులో చిక్కి చస్తాయి. మన పాడి రైతులకు నేపియర్ కొత్త కాదు. చేను గట్టు మీద వేసి చూడటానికి మొక్కజొన్న, జొన్న రైతులకు అడ్డేమీ లేదు.

ఇదంతా కంటితో చూసే వీలుందా?

ఉంది, ఖర్చు లేకుండా. వానాకాలంలో ఎండ కాసిన ఉదయం తొమ్మిది, పది గంటలప్పుడు కరివేపాకు చెట్టు దగ్గర కదలకుండా నిలబడండి. పెద్ద సీతాకోకచిలుక ఒకటి వచ్చి మందారం ఆకు మీద, గోరింట మీద ఒక్క క్షణం వాలి లేచిపోతుంది. కరివేపాకు మీద వాలినప్పుడు ముందు కాళ్లు చూడండి, దడదడ కొడతాయి. వెంటనే తోక వంచిందంటే, ఆ లేతాకు కింద ఆవగింజంత లేతపసుపు గుడ్డు ఉంటుంది.